దగ్గర నుంచి చేసే మ్యాజిక్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి_కొత్తమనిషి:
అందరికీ నమస్కారం. ఎదురుగా ముగ్గురో నలుగురో కూర్చుంటే వాళ్ళ ముక్కు కింద చేసే మ్యాజిక్ నేర్చుకోవాలని ఉంది. స్టేజీ మీద పెట్టెలు, పావురాలు కాదు, పేకముక్కలు, నాణేలు, రబ్బరు బ్యాండ్లు ఇట్టాంటివి. వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తున్నారు. ముందు ఏది పట్టుకోవాలి? ఆన్‌లైన్లో అమ్మే మ్యాజిక్ కిట్లు కొనొచ్చా? ఐదొందల దాకా పెట్టగలను. సంక్రాంతికి చుట్టాలొచ్చేలోపు రెండు మూడు బాగా చేసి చూపించగలిగితే చాలు.

రూపాయి_బిళ్ళ, నెల్లూరు:
తమ్ముడూ, కిట్ కొనబాక. అందులో వచ్చేవన్నీ రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు, గొట్టాలు. వింతగా ఉన్న వస్తువు బయటికి తియ్యగానే చూసేవాళ్ళ అనుమానమంతా దాని మీదకే పోతుంది, అయిపోగానే "ఏదీ ఇట్టా ఇయ్యి" అని చెయ్యి చాపుతారు. అదే వాళ్ళ జేబులోంచి తీసిన పది రూపాయల బిళ్ళతో చేస్తే చూసుకోడానికి ఏమీ దొరకదు.

మొదట పది రూపాయల బిళ్ళ తీసుకో. 27 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, మన చిల్లరలో పెద్దది అదే. ఇరవై రూపాయల బిళ్ళా అంతే వెడల్పు కానీ 12 పలకలు, మూలలు చర్మానికి తగులుతుంటాయి, నేర్చుకునేటప్పుడు గుండ్రంగా ఉండేదే మేలు. 2019 నుంచి వచ్చిన కొత్త రూపాయి 20 మిల్లీమీటర్లే, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. అమెరికా పుస్తకాల్లో చెప్పేదంతా అర డాలరు బిళ్ళతో, అది 30.6 మిల్లీమీటర్లు. అంత పెద్ద బిళ్ళ కావాలంటే బ్రిటిషు వాళ్ళ కాలం నాటి వెండి రూపాయి దాదాపు అదే కొలత, తూకం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. ఇంట్లో ఉంటే పెద్దవాళ్ళనడిగి వాడుకో, కొత్తగా కొనేంత అవసరం లేదు.

ఒకేలాంటివి నాలుగు పెట్టుకో. పది రూపాయల బిళ్ళల్లో డిజైన్లు చాలా ఉన్నాయి, 2018లో రిజర్వ్ బ్యాంకు చెప్పిన లెక్కకే 14 రకాలు. రెండు బిళ్ళలు ఒకటే అని నమ్మించే ట్రిక్కులో ఒకదాని మీద ఒక బొమ్మ, ఇంకోదాని మీద ఇంకో బొమ్మ ఉంటే అక్కడికక్కడే పట్టుబడతావు.

నేర్చుకోవాల్సిన మొదటి పని ఫ్రెంచ్ డ్రాప్. ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి కొసకీ చూపుడు, మధ్యవేళ్ళ కొసలకీ మధ్య బిళ్ళని అంచులు పట్టి నేలకు సమంగా పడుకోబెట్టు. కుడి చెయ్యి తీసుకోడానికి వస్తుంది. కుడి బొటనవేలు బిళ్ళ కిందుగా ఆ సందులోకి దూరుతుంది, మిగతా నాలుగు వేళ్ళూ ముందు నుంచి బిళ్ళని కప్పేస్తాయి. కప్పిన ఆ క్షణంలో ఎడమ బొటనవేలు కాస్త వదులు చేస్తే బిళ్ళ జారి ఎడమ చేతిలోనే మధ్యవేలు, ఉంగరం వేలు మొదట్లో పడుతుంది. కుడి చెయ్యి బిళ్ళని పట్టుకున్నట్టే మూసుకుని పక్కకి జరుగుతుంది. నీ కళ్ళు కుడి చేత్తో పాటే పోవాలి. ఎడమ చెయ్యి ఏమీ ఎరగనట్టు పక్కకి దిగిపోవాలి.

ఇక్కడ అందరికీ తప్పేది వేళ్ళ పని కాదు. నిజంగా బిళ్ళ తీసుకునేటప్పుడు కుడి చెయ్యి ఎట్టా మూసుకుంటుందో, ఎంత వేగంతో కదుల్తుందో దొంగగా చేసేటప్పుడు అట్టా ఉండదు. పిడికిలి మరీ బిగుసుకుపోతుంది. అందుకని పదిసార్లు నిజంగానే బిళ్ళని కుడి చేతిలోకి తీసుకో, పదకొండోసారి వదిలెయ్యి. మళ్ళీ పదిసార్లు నిజంగా. రెండిటికీ తేడా నీకే తెలియనప్పుడు ఎదుటివాళ్ళకీ తెలియదు.

ఇస్పేటు_ఆసు, ఒంగోలు:
అన్న చెప్పినదంతా నిజమే గానీ మొదటి మెట్టు పేక అయితేనే మంచిదని నేనంటాను. నాణెంలో మొదటిరోజు నుంచే వేళ్ళకి పని. పేకలో వేళ్ళ పని ఏమీ లేకుండా లెక్క మీద నడిచేవి బోలెడున్నాయి, అవి చేసేటప్పుడు నోరు, చూపు, ధైర్యం ఈ మూడూ అలవాటవుతాయి.

ముందు పేక సంగతి. కొట్లో రమ్మీకి అమ్మే ముక్కలు సన్నవి, వెడల్పు రెండుంపావు అంగుళాలు. బైసికిల్ బ్రాండు లాంటివి రెండున్నర అంగుళాలు. పొడవు రెండిటికీ మూడున్నరే. చెయ్యి చిన్నదైతే సన్నవి బాగుంటాయి, ఏమీ తక్కువ కాదు. చూసుకోవాల్సింది ముక్క మీద నునుపు. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు టేబుల్ మీద చక్కగా జారతాయి కానీ చేతిలో ఒకదానికొకటి అంటుకుని రెండు తియ్యబోతే మూడొస్తాయి. బైసికిల్ అట్టముక్కల మీద సన్నని గుంటల అద్దకం ఉంటుంది, మధ్యన గాలి నిలిచి ముక్కలు విడిగా కదుల్తాయి. మనది సముద్రపు గాలి, తేమకి అట్ట ఉబ్బి విల్లులాగా వంగుతుంది. పని అయిపోగానే డబ్బాలో పెట్టి మీద బరువు పెట్టు. రబ్బరు బ్యాండు చుట్టబాక, అంచులు నొక్కుకుపోతాయి. చెమట చేతుల్తో ముట్టుకోకుండా ముందు సబ్బుతో కడుక్కుని తుడుచుకో. పౌడరు మాత్రం చల్లొద్దు, తేమతో కలిసి ముద్ద కడుతుంది.

మొదటి ట్రిక్కు గుర్తుముక్క పద్ధతి. పేక కలిపేటప్పుడు అట్టడుగు ముక్కని ఒక్క చూపు చూసి పెట్టుకో, కళావరు ఏడనుకుందాం. ఎదుటివాళ్ళు మధ్యలోంచి ఒక ముక్క తీసి చూసుకుని పేక మీద పెడతారు. వాళ్ళనే కొయ్యమను, కింది సగం తెచ్చి మీద వెయ్యమను. ఇప్పుడు నీ కళావరు ఏడు సరిగ్గా వాళ్ళ ముక్క మీదకొచ్చి కూర్చుంది. పైనుంచి ఒక్కొక్క ముక్కా బొమ్మ పైకి వచ్చేటట్టు పంచుతూ పో. కళావరు ఏడు పడిందంటే దాని తర్వాత పడేది వాళ్ళది. ఎన్నిసార్లు కోసినా చెడదు, వరస చక్రంలాగా తిరుగుతుందే గానీ తెగదు. కళావరు ఏడు చిట్టచివర వచ్చిందా, అంటే వాళ్ళ ముక్క అన్నిటికంటే ముందు పడింది. కోతతో ఏమీ కాదు గానీ కలపనిస్తే రెండూ విడిపోవచ్చు, పేక వాళ్ళ చేతికిచ్చేది కోతకి మాత్రమే.

ఇందులో కొత్తవాళ్ళు చేసే పాడు పని ఒకటుంది. గుర్తుముక్క కనపడగానే చెయ్యి ఆగుతుంది. అట్టా కాకుండా వాళ్ళ ముక్క కూడా పంచేసి, ఇంకో మూడు నాలుగు ముక్కలు దాటిపోయాక ఆగు. "ఇప్పుడు నేను తిప్పే ముక్క నీదే" అను. చేతిలో ఉన్న ముక్క తిప్పుతావని వాళ్ళనుకుంటారు, కుప్పలోకి పోయి వాళ్ళ ముక్కని బోర్లా తిప్పు. గుర్తుముక్క చాలామందికి తెలిసిన పాత ఉపాయం, కానీ ఈ చివరి మలుపుతో తెలిసినవాళ్ళు కూడా ఒక క్షణం తికమక పడతారు.

21 ముక్కల ట్రిక్కు జోలికి పోబాక. మూడు వరసలు, వరసకి ఏడు, మూడుసార్లు అడిగి ఆ వరసని మధ్యలో పెడితే 11వ ముక్క అవుతుంది. మన దగ్గర స్కూలు పిల్లలందరికీ తెలుసు.

బుచ్చి_మాస్టారు:
ఈ రెండిటికన్నా ముందు ఖర్చులేనిది ఒకటి చెప్తాను, ఈ సాయంత్రమే నేర్చుకోవచ్చు. మామూలు రబ్బరు బ్యాండు ఒకటి చాలు. చూపుడువేలు, మధ్యవేలు రెండిటి మొదళ్ళకీ కలిపి తగిలించండి. అరచెయ్యి మీ వైపు, చేతి వెనక భాగం చూసేవాళ్ళ వైపు. రెండో చేత్తో బ్యాండుని మీ వైపుకి లాగి చూపిస్తూ, వదిలే ముందు నాలుగు వేళ్ళూ మడిచి కొసల్ని ఆ సందులోకి దూర్చేయండి. అటు నుంచి చూసేవాళ్ళకి బ్యాండు ఇంకా రెండు వేళ్ళ మీదే ఉన్నట్టు కనపడుతుంది. చెయ్యి గబాల్న తెరిస్తే బ్యాండు ఉంగరం వేలు, చిటికెన వేలు మీదకి దూకుతుంది. మళ్ళీ నాలుగు వేళ్ళూ దూర్చి తెరిస్తే వెనక్కి దూకుతుంది.

బ్యాండు మరీ బిగుతుగా ఉంటే సగంలో ఇరుక్కుంటుంది, మరీ వదులైతే చెయ్యి తెరవకముందే జారుతుంది. సాగదీయకుండా పరిచినప్పుడు మూడు అంగుళాల పొడవుంటే పెద్దవాళ్ళ చేతికి సరిపోతుంది. ఎండకి పొడిబారిన పాత బ్యాండు వాడొద్దు, తెగి కంట్లో పడుతుంది.

సాధన గురించి ఒక మాట. అద్దం ముందు చేస్తే సరైన క్షణంలో కళ్ళు మూతపడే అలవాటు తెలియకుండానే పట్టుకుంటుంది. దొంగపని జరిగేటప్పుడు రెప్ప వేస్తే మీ తప్పు మీకు కనపడదు కాబట్టి మనసు ఆ దారి వెతుక్కుంటుంది. అద్దం చేతుల కోణాల వరకే. ఆ తర్వాత ఫోను మూడడుగుల దూరంలో, ఎదుటివాళ్ళు కూర్చుంటే కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో పెట్టి రికార్డు చేయండి. మొదటిసారి శబ్దం తీసేసి చూడండి, చేతులు ఎక్కడ ఆగుతున్నాయో తెలుస్తుంది. రెండోసారి బొమ్మ చూడకుండా మాటలు మాత్రం వినండి. దొంగపని దగ్గర చాలామందికి మాట తడబడుతుంది, లేదా ఒక్కసారిగా వేగం పెరుగుతుంది.

ఇంకోటి, మన ఇళ్ళల్లో టేబుల్ దగ్గర కూర్చోవడం తక్కువ. మీరు చాప మీద కూర్చుంటే చుట్టూ పిల్లలు నిలబడి పైనుంచి చూస్తారు. ఫ్రెంచ్ డ్రాప్‌లో ఎడమ అరచేతిలో బిళ్ళ పైనుంచి తేటగా కనపడుతుంది. మీరు నిలబడి వాళ్ళని కూర్చోబెట్టండి, లేదా గోడకి వీపు పెట్టి అందర్నీ ముందు కూర్చోమనండి. వెనక ఎవరూ ఉండకూడదు. మంచం మీద మాత్రం వద్దు, పరుపు కదిలితే పేక కూలిపోతుంది.

కావలి_కొత్తమనిషి:
రబ్బరు బ్యాండు వచ్చేసింది మాస్టారూ, ధన్యవాదాలు. ఫ్రెంచ్ డ్రాప్‌లో రెండు సందేహాలు. ఎడమ చేతి వేళ్ళ సందుల్లోంచి బిళ్ళ మెరుస్తూ కనపడుతోంది. ఇంకోటి, బిళ్ళ మాయమయ్యాక ఎడమ చేతిలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలి? "ఆ చెయ్యి చూపించు" అంటే?

రూపాయి_బిళ్ళ, నెల్లూరు:
సందుల్లో మెరుస్తుందంటే బిళ్ళ మరీ పైకి, వేళ్ళ మధ్య కణుపు దగ్గర పడుతోంది. ఇంకో అర అంగుళం కిందకి, వేళ్ళు అరచేతిని కలిసే చోటికి రావాలి. పడుకోబెట్టిన బిళ్ళని చేతివైపుకి కాస్త వాలుగా పట్టుకుంటే దానంతట అదే అక్కడికి జారుతుంది. ఇంకా మెరిస్తే వేళ్ళు ఒకదానికొకటి ఆనించు, బిగించబాక, ఆనిస్తే చాలు. చూపుడువేలు కాస్త చాచి కుడి పిడికిలి వైపు చూపించావంటే మిగతా మూడు వేళ్ళు మడిచి ఉండటం సహజంగా కనపడుతుంది.

రెండో ప్రశ్న చాలా పెద్దది. బిళ్ళ మాయమవడం సగమే ట్రిక్కు. కుడి పిడికిలి తెరిచే ముందే ఎడమ చేతికి ఒక పని కల్పించు. చొక్కా జేబులోంచి పెన్ను తియ్యడం అన్నిటికంటే తేలిక. "దీంతో తడితే పోతుంది" అని ఎడమ చెయ్యి జేబులోకి పెట్టి బిళ్ళ వదిలేసి పెన్నుతో బయటికి రా. కుడి పిడికిలి మీద పెన్నుతో తట్టి నెమ్మదిగా ఒక్కొక్క వేలూ తెరువు. ఇప్పుడు రెండు చేతులూ నిజంగానే ఖాళీ, ఎవరు అడిగినా చాపొచ్చు. జేబులో తాళాలు, చిల్లర ఉంటే గలగలమంటుంది, ఖాళీగా ఉంచు. ఎడమ చేతికి ఉంగరం ఉంటే తీసెయ్యి, బిళ్ళ తగిలితే టక్కుమంటుంది.

సోమశిల_అలలు:
పెన్ను జేబు మగవాళ్ళకి సరే అన్నయ్యా, మా సంగతి కూడా ఎవరైనా చెప్పాలి గదా. చుడీదార్ కుట్టించేటప్పుడు రెండు పక్కలా ఆరంగుళాల లోతు జేబు పెట్టమంటే టైలర్లు పెడతారు, కుట్టుకూలీ కొద్దిగా పెరుగుతుంది అంతే. జేబు మూతి ఐదంగుళాలకి తక్కువ ఉండకూడదు, చెయ్యి ఇరుక్కుంటే అందరూ అటే చూస్తారు. చీరలో అయితే పక్కన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి ఉంచి, పెన్ను అందులోంచి తీస్తూ బిళ్ళ వదిలేయొచ్చు. గాజులు మాత్రం చేసేంతసేపు తీసెయ్యండి. చెయ్యి ఆగినా గాజులు చప్పుడు చేస్తాయి, చెవి అటు తిరిగితే చూపూ తిరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి స్పాంజి బంతులు చెప్పలేదు ఎవరూ. పిల్లల దగ్గర దీనికి మించింది లేదు, ఎందుకంటే ట్రిక్కు వాళ్ళ చేతిలోనే జరుగుతుంది. సోఫాలు కుట్టే షాపులో మిగిలిన మెత్తటి ఫోము ముక్కలు దాదాపు ఊరికే ఇస్తారు. కుషన్లకి వాడే గట్టి ఫోము వద్దు, నొక్కితే అణగదు. గిన్నెలు తోమే స్పాంజీ వద్దు, విరిగిపోతుంది. అన్ని వైపులా రెండు అంగుళాలుండే దిమ్మగా కోసి, ముందు ఎనిమిది మూలలూ, తర్వాత అంచులూ పదునైన కత్తెరతో కొంచెం కొంచెంగా తీస్తూ పోతే అంగుళంన్నర బంతి వస్తుంది. ఒకేలా మూడు చెయ్యండి. రెండు బంతులు పిడికిట్లో పెట్టి మూస్తే బయటికి ఏమీ పొంగకూడదు, అదే పరీక్ష.

చూసేవాళ్ళకి కనపడేవి రెండు, మీ దగ్గరుండేవి మూడు. మూడోది ముందే కుడి చేతి వేళ్ళ మొదట్లో దాగి ఉంటుంది. టేబుల్ మీది రెండిట్లో ఒకదాన్ని కుడి వేళ్ళ కొసలతో తీసి, దాగిన దానితో కలిపి నొక్కి ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టి, మీ ఎడమ చేత్తో వాళ్ళ వేళ్ళు వెంటనే మూసెయ్యండి. "గట్టిగా పట్టుకో, వదలబాక" అనండి. గట్టిగా పట్టుకుంటే రెండు ఒకటిగా అనిపిస్తాయి, వదులుగా పట్టుకుంటే రెండని తెలిసిపోతుంది. తర్వాత టేబుల్ మీద మిగిలినదాన్ని కుడి చేత్తో తీసి ఎడమ చేతిలో పెట్టినట్టు నటించి కుడి చేతిలోనే ఉంచుకోండి. ఎడమ చెయ్యి తెరిస్తే ఖాళీ. వాళ్ళ చెయ్యి తెరవమంటే రెండు బంతులు పైకి లేస్తాయి. అందరూ వాళ్ళ చేతిలోవి చూస్తుండగా మీ కుడి చెయ్యి జేబులోకి పోయి రావచ్చు, ఎవరూ చూడరు.

ఇస్పేటు_ఆసు, ఒంగోలు:
చక్కగా చెప్పావు అక్కా.

కావలి_కొత్తమనిషికి పేకలో రెండో మెట్టు. బయటి దేశాల పుస్తకాల్లో హిందూ షఫుల్ అని ఒక పేరు కనపడుతుంది. మన ఇళ్ళల్లో అందరూ పేక కలిపే తీరు అదే. కుడి బొటనవేలు, మధ్యవేలు పేక పొడుగు అంచుల్ని ఒక కొన దగ్గర పట్టుకుంటాయి, ఎడమ వేళ్ళు మీది నుంచి కొన్ని కొన్ని ముక్కలు లాక్కుంటాయి. ఇందులో గమనించాల్సింది, కుడి చేతిలో అట్టడుగు ముక్క చివరిదాకా కదలదు.

అంటే నీకు కావలసిన ముక్కని అడుగున పెట్టుకుని కలపడం మొదలుపెట్టి, "ఎక్కడైనా ఆగమను" అంటే చాలు. ఆగమనగానే కుడి చేతిలో మిగిలిన కట్టని పైకెత్తి దాని అడుగు వాళ్ళకి చూపించు. ఎక్కడ ఆపినా ఆ ముక్కే. వాళ్ళు చూశాక ఆ కట్టని ఎడమ చేతిలోదాని మీద వేసి వాళ్ళకే ఇచ్చి కలుపుకోమను. ఏ ముక్కో నీకు ముందే తెలుసు కాబట్టి కలిపినా ఇబ్బంది లేదు. మూడు విషయాలు జాగ్రత్త. లాగే గుత్తులు చిన్నవిగా ఉండాలి, పెద్దవైతే వాళ్ళు ఆగమనేలోపు పేక అయిపోతుంది. కుడి చెయ్యి వాలితే కలిపేటప్పుడే అడుగుముక్క కనపడుతుంది. ఒకే కూర్చోవడంలో రెండోసారి చెయ్యొద్దు.

టంగుటూరు_కుర్రోడు:
అన్నా, పేక తియ్యగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. టీ కొట్టు దగ్గర తీస్తే ఇంకా ఇబ్బంది. ఏం చెయ్యాలి? ఇంకోటి, డబుల్ లిఫ్ట్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇస్పేటు_ఆసు, ఒంగోలు:
డబ్బు పెట్టి ఆడితేనే 1974 నాటి గేమింగ్ చట్టం వర్తిస్తుంది, మ్యాజిక్‌కి కాదు. కానీ టీ కొట్టు దగ్గర నలుగురు గుమిగూడి మధ్యలో పేక ఉంటే దూరం నుంచి చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఆ చోట నాణేలు, బ్యాండ్లే చెయ్యి. ఇంట్లో పెద్దవాళ్ళకి ముందు ఒక ట్రిక్కు చేసి చూపించు, వాళ్ళ చేతే ముక్క తీయించు. ఆ తర్వాత పేక సాధన చేసుకుంటానంటే చాలా ఇళ్ళల్లో కాదనరు.

డబుల్ లిఫ్ట్ అంటే పైన రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తి చూపడం. అందరూ మొదటివారమే పట్టుకుంటారు, అందరికీ అక్కడే చేతులు చెడిపోతాయి. హిందూ షఫుల్ నీళ్ళు తాగినంత సులువుగా వచ్చాకే మొదలుపెట్టు. ఎడమ బొటనవేలితో పై రెండు ముక్కల్ని కొంచెం కుడికి తోసి, వెనక్కి లాక్కునేటప్పుడు చిటికెన వేలి కొస వాటి కింద దూర్చు. రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు, చిటికెన వేలి కండే దాన్ని పట్టుకుంటుంది. ఇదంతా వాళ్ళ ముఖం చూసి మాట్లాడుతూ ముందే అయిపోవాలి. తర్వాత కుడి చెయ్యి పైనుంచి వచ్చి, బొటనవేలు నీ వైపు పొట్టి అంచునా, మధ్యవేలు అవతలి పొట్టి అంచునా పట్టుకుని రెండిటినీ ఎత్తి బొమ్మ పైకి తిప్పి పేక మీదే పెడుతుంది. మళ్ళీ బోర్లా తిప్పి, పైముక్క ఒక్కదాన్నే టేబుల్ మీదకి జరుపు. వాళ్ళు చూసిన ముక్క ఇంకా పేక మీదే ఉంది.

పట్టుబడేది రెండు చోట్ల. ఎత్తే ముందు వేళ్ళతో ముక్కలు లెక్కపెట్టుకోవడం, అక్కడ చెయ్యి ఆగుతుంది. రెండోది, ఒక్క ముక్కని తిప్పేటప్పుడు ఒక రకంగా, రెండిటిని తిప్పేటప్పుడు ఇంకో రకంగా తిప్పడం. నిజంగా ఒక్క ముక్క తిప్పేటప్పుడు కూడా ఎప్పుడూ ఇదే పట్టుతో తిప్పడం అలవాటు చేసుకో. చిత్తడి రోజుల్లో కొత్త పేకతోనే చెయ్యి, పాతవి అంటుకుంటాయి.

బుచ్చి_మాస్టారు:
స్కూళ్ళలో చూపించాలనుకునేవాళ్ళకి కాగితపు టీ కప్పులతో గిన్నెలు-బంతులు. మూడు కప్పులు, ఊలు దారంతో శనగగింజంత చుట్టిన నాలుగు ఉండలు. నాలుగోది చూసేవాళ్ళకి తెలియదు. కప్పులు మూతి పైకి ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్య కప్పులో దొంగ ఉండ, పై కప్పులో మూడు ఉండలు. మూడిటినీ టేబుల్ మీదకి వంచండి. ఇప్పుడు అడుగు కప్పు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ లాగి బోర్లించాలి. అడుగుది కుడికి, దొంగ ఉండ ఉన్నది మధ్యకి, చివరిది ఎడమకి. మూడూ ఒకే వేగంతో, ఆగకుండా బోర్లిస్తే మధ్యదాన్లోని ఉండ కప్పుతోపాటే కిందకి చేరుతుంది, పడదు. నెమ్మదిగా తిప్పితే దొర్లి బయటికి వస్తుంది. మధ్య కప్పు అడుగున ఉన్న గుంటలో ఒక ఉండ పెట్టి, మిగతా రెండు కప్పులూ దాని మీద బోర్లించి, తట్టి, మూడూ కలిపి ఎత్తండి. ఉండ కప్పులోంచి కిందకి దిగినట్టు కనపడుతుంది. పైన పెట్టిన ఉండ ఇప్పుడు కప్పుల మధ్యన ఉంది, మూతి పైకి తిప్పి మళ్ళీ మొదలుపెడితే అదే తర్వాతి దొంగ ఉండ. ఉండ లావైతే పై కప్పు సరిగా కూర్చోదు, వంకరగా నిలబడుతుంది. ముందే చూసుకోండి.

మోళీవాళ్ళు నేల మీద చెక్క గిన్నెలతో చేసేది ఇంతకన్నా ఎంతో కష్టమైన పని. ఆ గిన్నెలకి పైన గుండీ ఉంటుంది, దాన్ని వేళ్ళ మధ్య ఇరికించి ఎత్తుతూనే అదే చేత్తో ఉండని లోపలికి జార్చేస్తారు. టేబుల్ లేదు, జేబులు లేవు, చుట్టూ జనం. ఎక్కడైనా కనపడితే కూర్చుని చివరిదాకా చూడండి, డబ్బులివ్వండి.

పిల్లల ముందు చేసేటప్పుడు ఇది శక్తి అని, మంత్రమని చెప్పొద్దు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఇట్టాంటి కనికట్టునే ఊళ్ళల్లో చేసి చూపించి బాబాల మహిమల గుట్టు విప్పుతుంటారు. "ఇది హస్తలాఘవం, సాధన చేస్తే వస్తుంది" అని చెప్పినా ఆశ్చర్యం ఏమాత్రం తగ్గదు.

కావలి_కొత్తమనిషి:
బొటనవేలి తొడుగు, అదే వేలి కొసలాగే ఉండి లోపల చిన్న వస్తువు దాచుకునేది, ఆన్‌లైన్లో వంద రూపాయలకి ఉంది, అది కొనొచ్చా? పుస్తకం ఏదైనా ఉందా? "మళ్ళీ చెయ్యి" అంటే ఏమనాలి?

రూపాయి_బిళ్ళ, నెల్లూరు:
తొడుగు కొనొచ్చు, కొనదగ్గ వస్తువు అదొక్కటే. అమ్మేవి లేత గులాబీ రంగువి, మన చేతి రంగుకి కలవవు, అయినా ఫరవాలేదు. బొటనవేలి కొస నేరుగా చూసేవాళ్ళ వైపు ఉండాలి, చెయ్యి కదుల్తూ ఉండాలి. పక్క నుంచి చూపిస్తే, కదపకుండా ఆపితే రంగు తెలుస్తుంది. కొస లోపల అంగుళం ఖాళీ ఉండేది తీసుకో, తొమ్మిది అంగుళాల పలచటి పట్టు గుడ్డ పట్టాలి. బిగుతుగా ఉంటే చెమటకి ఊడిరాదు, సరైన సమయంలో వేలు ఇరుక్కుంటుంది. దాని పేరు మాత్రం నోట అనకు, అది ఉంటుందన్న ఊహే వాళ్ళకి రాకూడదు. ఇంకో మాట, నాణేలు కోసి బోలు బిళ్ళలు చేయించాలని అనుకోబాక, 2011 నాణేల చట్టం ప్రకారం నాణేల్ని పాడుచెయ్యడం నేరం.

ఇస్పేటు_ఆసు, ఒంగోలు:
పేకకి ఇంగ్లీషులో రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్, 1948 నాటిది. ఒక్కొక్క అధ్యాయంలో ఒక చేతిపని, దాని వెంటనే దాంతో చేసే ట్రిక్కులు. మొదటి అధ్యాయం పేక కలపడమే, అది దాటకుండా ముందుకి పోబాక. 1902 నాటి ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్ ఊరికే దొరుకుతుందని చాలామంది దాంతో మొదలుపెడతారు. అది చెయ్యి తిరిగినవాళ్ళ కోసం రాసింది.

"మళ్ళీ చెయ్యి" అన్నప్పుడు అదే ట్రిక్కు చెయ్యొద్దు. మొదటిసారి ఏం జరగబోతుందో వాళ్ళకి తెలియదు కాబట్టి ఎక్కడ చూడాలో తెలియదు, రెండోసారి తెలుసు. "ఇంకోటి చూడండి" అని వెంటనే వేరే వస్తువు చేతిలోకి తీసుకో. సంక్రాంతికి నువ్వు చెయ్యాల్సిన వరస బ్యాండు, తర్వాత నాణెం, చివర పేక. బ్యాండుకి ఏర్పాటు ఏమీ అక్కర్లేదు, అందరి చూపూ నీ వైపుకి వస్తుంది, ఈలోపు నీ వణుకు తగ్గుతుంది. పేక చివర్లో, ఎందుకంటే దానికి అందరూ కుదురుగా కూర్చోవాలి.

కావలి_కొత్తమనిషి:
చివరిది అన్నా. గుర్తుముక్క తప్పిపోయి వాళ్ళ ముక్క దొరక్కపోతే?

ఇస్పేటు_ఆసు, ఒంగోలు:
ముఖం మారకుండా పంచుతూ పేక చివరిదాకా పో. "నీ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు గదా, గట్టిగా అను" అని అడుగు. ఆఠీను రాణి అన్నారనుకో. కుప్ప చేతిలోకి తీసుకుని, బొమ్మలు నీ వైపు పెట్టి విసనకర్రలాగా విప్పుతూ "జోకర్లు తీసేస్తాను" అను. ఆఠీను రాణి కనపడగానే ఆగకుండా దాని దగ్గర పేక విడదీసి, దాన్ని అడుగుకి చేర్చు. జోకర్లు పక్కన పడేసి పేక బోర్లించి, హిందూ షఫుల్‌తో కలుపుతూ ఆగమను. ఎక్కడ ఆపితే అక్కడ అడుగున ఆఠీను రాణే. ముందు తప్పిందన్నది నీకు తప్ప ఎవరికీ తెలియదు. పేకలో రెండు జోకర్లూ ఎప్పుడూ ఉంచుకోమనేది అందుకే.